తక్కువ తిరిగిన పాత కార్లు: అనంతపురం పీఠభూమి దాకా వచ్చిన వేలాల కథ

తెలుగు నేలపై అతి తక్కువ తిరిగిన పాత కార్లలో పేరెన్నికగన్నది హైదరాబాద్ నిజాం రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దీనిని ఇంగ్లండ్‌లో ఆర్డరు చేశారు. పసుపు రంగు బాడీని బార్కర్ కంపెనీ కట్టింది. వెనుక భాగంలో సింహాసనం లాంటి ఎత్తైన ఆసనం అమర్చింది. 1911 ఆగస్టులో నిజాం కన్నుమూశారు. 1912 నాటి ఈ కారు ఆయన కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. ఊరేగింపులకు తప్ప బయటికి తీయని ఈ బండి దశాబ్దాల కాలంలో తిరిగింది కొన్ని వందల మైళ్లే. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకులకు కనిపిస్తుంది.

సంస్థానాధీశుల గ్యారేజీల్లో ఇలాంటి కార్లు చాలా ఉండేవి. స్వాతంత్ర్యం తర్వాత సంస్థానాలు విలీనమయ్యాయి. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. కార్లను పోషించే స్తోమత తగ్గిన వారసులు వాటిని ఒక్కొక్కటిగా అమ్ముకున్నారు. కొన్న వాళ్లలో విదేశీ సేకర్తలూ ఉన్నారు, తుక్కు వ్యాపారులూ ఉన్నారు. మేలైన కార్లు ఎన్నో ఓడలెక్కి వెళ్లిపోయాక పాతకాలపు కార్ల ఎగుమతిపై ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. ఇవాళ దేశంలో మిగిలిన వింటేజ్ కార్లు ఆ వలస తర్వాత మిగిలినవే.

అనంతపురం వైపు పరిస్థితి వేరు. ఈ సీమను 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. అప్పటి నుంచి 1953 దాకా ఇది మద్రాసు ప్రభుత్వం కిందనే ఉంది. 1882లో బళ్లారి నుంచి విడిపోయి జిల్లా అయింది. ఇక్కడ రాజుల గ్యారేజీలు లేవు. ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మెట్ట భూముల్లో, వేరుశనగ పంట మీద బతికే రైతుకు షోకు కారు అందని మాట. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం దగ్గర మిగిలిన జీపులను, లారీలను దేశమంతటా డిస్పోజల్స్ పేరుతో అమ్మేశారు. వాడిన వాహనాల వేలం పెద్దఎత్తున సామాన్యుల దాకా వచ్చింది అప్పుడే. 1949లో మహీంద్రా విల్లీస్ జీపులను ఇక్కడే బిగించడం మొదలుపెట్టింది. గతుకుల బాటకు, రాళ్ల నేలకు తగిన బండిగా రాయలసీమ పల్లెల్లో జీపుకు స్థానం దొరికింది.

స్పోర్ట్స్ కారుకు మాత్రం దారి మూసుకుపోయింది. 1950ల నుంచి విదేశీ కార్ల దిగుమతిపై కట్టుబాట్లు బిగిశాయి. మార్కెట్లో మిగిలినవి ప్రధానంగా అంబాసిడర్, ప్రీమియర్ వారి ఫియట్, మద్రాసులో తయారైన స్టాండర్డ్. 1961లో వచ్చిన స్టాండర్డ్ హెరాల్డ్‌కు మూలం ఇంగ్లండ్ ట్రయంఫ్ హెరాల్డ్. స్పోర్ట్స్ కార్లు చేసే కంపెనీ తెచ్చిన కారు మన రోడ్ల మీద ఇంటి కారుగా తిరిగిందన్నమాట. కొత్త కారు బుక్ చేస్తే ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అందుకే బాగా ఉంచుకున్న పాత కారుకు గిరాకీ ఎప్పుడూ తగ్గలేదు.

ఆ రోజుల్లో తక్కువ తిరిగిన విదేశీ కారు చట్టబద్ధంగా దొరికే ముఖ్యమైన చోటు స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్. 1956లో ఏర్పడిన ఈ ప్రభుత్వ సంస్థ, దౌత్య కార్యాలయాలు వాడి వదిలేసిన కార్లను తీసుకుని అమ్మేది. సినిమా తారల ఇళ్ల ముందు, వ్యాపారుల ఇళ్ల ముందు కనిపించిన విదేశీ కార్లలో కొన్ని అలా చేతులు మారినవే. ఇప్పుడు క్లాసిక్ కారు కొనేవాళ్లు ఆ అమ్మకం కాగితాలను కారు వంశవృక్షంలో మొదటి మెట్టుగా చూస్తారు.

1983లో మారుతి 800, 1991 తర్వాత ఆర్థిక సంస్కరణలు వచ్చి కార్ల కరువు తీరింది. బండి దొరకడం సులువయ్యాక పాత బండిని పాతదనం కోసమే కోరుకునే తరం తయారైంది. 2001లో వాడిన కార్ల దిగుమతికి తలుపు తెరిచారు కానీ షరతులు గట్టివి: కారు వయసు మూడేళ్లు మించకూడదు, స్టీరింగ్ కుడివైపే ఉండాలి, ముంబై రేవు ద్వారానే రావాలి. వాటిపై సుంకం కారు ధరను మించిపోతుంది. పాతకాలపు కార్లకు ప్రత్యేక మినహాయింపు ఉన్నా అది చాలాకాలం 1950కి ముందు తయారైన వాటికే పరిమితమైంది. 1960ల, 70ల స్పోర్ట్స్ కార్లు ఆ గీతకు అవతలే ఉండిపోయాయి.

ఈలోగా వేలం ఇంటర్నెట్‌లోకి మారింది. 2007లో అమెరికాలో మొదలైన బ్రింగ్ ఎ ట్రైలర్ 2014 నుంచి సొంతంగా వేలాలు నడుపుతోంది. గడువు ముగిసే చివరి రెండు నిమిషాల్లో ఎవరైనా పాట పెంచితే గడియారం మళ్లీ రెండు నిమిషాలకు వెళుతుంది. మన ఊళ్లలో ‘ఒకటోసారి, రెండోసారి, మూడోసారి’ అని పాటను నిలబెట్టే పద్ధతికి ఇది కంప్యూటర్ రూపం. మన దేశంలో 2020లో ముంబైకి చెందిన అస్టాగురు క్లాసిక్ కార్లను ఆన్‌లైన్‌లో వేలం వేసింది. ప్రభుత్వ శాఖలు పక్కన పెట్టిన వాహనాలు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ఈ-వేలాల్లో అమ్ముడవుతున్నాయి.

వేలం తెరమీదికి వచ్చినా పరీక్ష మాత్రం బండి దగ్గరే జరగాలి. ‘తక్కువ తిరిగింది, సింగిల్ ఓనర్, షోరూం కండిషన్’ అనే మాటలకు మీటరు రీడింగ్ ఒక్కటే సాక్ష్యం కాదు. పాత కార్ల మీటరులో చాలావరకు ఐదంకెలే ఉంటాయి. 99,999 దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలు. మీటరును వెనక్కి తిప్పడమూ పెద్ద విద్య కాదు. అందుకే అనుభవజ్ఞుడైన మెకానిక్ ముందు క్లచ్, బ్రేక్ పెడళ్ల రబ్బరు చూస్తాడు. 20,000 కిలోమీటర్ల బండి అని చెప్పి, రబ్బరు గీతలు నున్నగా అరిగిపోయి ఉంటే మాటలో తేడా ఉన్నట్టే. తర్వాత స్టీరింగ్ మెరుపు, డ్రైవరు సీటు అంచు, తలుపు బందుల వదులు చూస్తాడు. టైరు మీద నాలుగంకెలు ఉంటే అవి తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. చివరగా ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. ఇంజన్ మార్చిన బండి నడవడానికి బాగానే ఉండవచ్చు, సేకర్త ఇచ్చే ధర మాత్రం పడిపోతుంది.

పీఠభూమి వాతావరణం ఈ లెక్కలో ఒక పక్క మేలు, మరో పక్క కీడు. విశాఖ, చెన్నై లాంటి తీర నగరాల ఉప్పుగాలి ఇనుమును తొందరగా తినేస్తుంది. అనంతపురం పొడిగాలిలో తుప్పు నెమ్మది. కాని ఎండకు డ్యాష్‌బోర్డు పగులుతుంది, తలుపు రబ్బర్లు, గొట్టాలు ఎండిపోతాయి. తిరగకుండా నిలబెట్టిన బండిలో సీళ్లు గట్టిపడి నూనె కారుతుంది. తక్కువ తిరగడం ఒక్కటే గొప్ప కాదు. తక్కువగా తిరిగినా క్రమంగా తిరిగిన బండే మేలు.

కాగితాల చరిత్రా ఇలాగే చదవాలి. 1989 తర్వాత అనంతపురంలో రిజిస్టరైన బండ్లకు ఏపీ 02, 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 నంబర్లు వచ్చాయి. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరించాలి. 2021 జులైలో కేంద్రం 50 ఏళ్లు దాటిన వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇచ్చింది. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు. రోజువారీ ప్రయాణానికి, కిరాయికి ఆ బండిని తిప్పకూడదు. 2023 ఏప్రిల్ నుంచి పాత వాహనాల డీలరుకు రవాణా శాఖ అనుమతి పత్రం తప్పనిసరి. తన దగ్గరున్న బండి ఎందుకు, ఎంత దూరం తిరిగిందో డీలరు ఎలక్ట్రానిక్ రిజిస్టరులో రాయాలి. కిలోమీటర్లకు అమ్మేవాడిని జవాబుదారీ చేసే దిశగా ఇది మంచి అడుగు.

2019లో అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి సెల్టోస్ బయటికి వచ్చింది. కారు అందని మాటగా ఉన్న కరువు సీమ కార్లను తయారుచేసే చోటయింది. ఈ కార్లలో కొన్ని ఎప్పటికో ఒకప్పటికి పాత కార్ల వేలంలో నిలుస్తాయి. ఆ రోజు వాటి విలువను నిలబెట్టేది మీటరు మీది అంకె కాదు, ఇవాళ యజమాని దాచే సర్వీసు పుస్తకం, బిల్లులు, బీమా పత్రాలు. బండితో పాటు కాగితాలనూ కాపాడడం ప్రతి యజమాని నేర్చుకోవలసిన పని.