లె మాన్ నుంచి వీధి దాకా: ఫోర్డ్ జీటీ40 రెప్లికాల చరిత్ర

ఫ్రాన్స్‌లోని లె మాన్ పట్టణంలో 1923లో మొదలైన 24 గంటల కారు పందెం జనం రోడ్ల మీద నడుపుకునే కార్ల సత్తాను పరీక్షించడానికి పుట్టింది. ఎవరి కారు అందరికంటే జోరుగా పరుగెడుతుందన్నది కాక, ఎవరి కారు పగలూ రాత్రీ చెడిపోకుండా నిలుస్తుందన్నది అక్కడి ప్రశ్న కాబట్టి, ఇటువంటి పోటీలకు ఎండ్యూరెన్స్ రేసులు, అంటే ఓర్పు పందేలు అన్న పేరు స్థిరపడింది. కాలక్రమంలో కార్లు పందెం కోసమే ప్రత్యేకంగా తయారు కావడం మొదలైనా తొలినాటి షరతుల ఆనవాళ్లు నిబంధనల్లో మిగిలిపోయాయి. 1960లలో సైతం డ్రైవరు పక్కన రెండో సీటూ, అదనపు చక్రమూ, సూట్‌కేసు పట్టే చోటూ లేని కారును తనిఖీదారులు ట్రాక్ మీదికి రానిచ్చేవారు కారు. పందెం సాగినంతసేపూ ఆ సీటు ఖాళీగానే ఉండేది, ఆ అరలో బట్టలు సర్దుకున్నవారు లేరు. కాగితం మీద మాత్రమే నిలిచిన ఆ రోడ్డు కారును ఇరవయ్యేళ్ల తరువాత నిజం చేసినవారు వేల్స్‌లోనూ ఇంగ్లండ్ దక్షిణ తీరంలోనూ చిన్న షెడ్లు నడిపిన మెకానిక్కులు, వారు ఎంచుకున్న కారు ఫోర్డ్ జీటీ40.

జీటీ40 పుట్టుక కథ సినిమాల వల్ల ఇప్పుడు చాలామందికి తెలిసినదే. 1963లో ఇటలీలోని ఫెరారీ కంపెనీని కొనడానికి అమెరికన్ ఫోర్డ్ సాగించిన బేరం, రేసింగ్ విభాగంపై పెత్తనం ఎవరిదన్న దగ్గర చివరి ఘడియలో చెడిపోగా, ఫెరారీని లె మాన్‌లోనే ఓడించాలని ఫోర్డ్ యాజమాన్యం పట్టుబట్టింది. సినిమాలు అంతగా పట్టించుకోని విషయం ఏమిటంటే, ఆ కారు ఫోర్డ్ ఒంటి చేత్తో చేసింది కాదు. ఎరిక్ బ్రాడ్లీ అనే ఆంగ్లేయుడు నడిపే లోలా అనే చిన్న సంస్థ అప్పటికే ఫోర్డ్ వీ8 ఇంజన్‌ను సీట్ల వెనక అమర్చి మార్క్ 6 అనే కారును చేసి ఉండగా, ఫోర్డ్ ఆయనను తన ఇంజనీరు రాయ్ లన్‌తోనూ జట్టు నిర్వాహకుడు జాన్ వయర్‌తోనూ కలిపి లండన్ పక్కనున్న స్లౌలో పనికి కూర్చోబెట్టింది. 1964 ఏప్రిల్‌లో తొలి కారు బయటికి వచ్చింది. దాని చట్రం పలుచని ఉక్కు రేకులను పెట్టెలా అతికి చేసిన మోనోకాక్, అంటే విడి దూలాలు లేకుండా పైరేకే బరువు మోసే నిర్మాణం. ఒంటి పైభాగం ఫైబర్‌గ్లాస్. గేర్‌బాక్స్ మొదట ఇటలీ నుంచి కొలొట్టీ, అది పందేల్లో పదేపదే విరగడంతో తరువాత జర్మనీ నుంచి జెడ్‌ఎఫ్. నేల నుంచి పైకప్పుకు ఉన్న సుమారు 40 అంగుళాల ఎత్తే దాని పేరులోని అంకె అయింది.

1964, 1965లలో లె మాన్‌లో ఒక్క జీటీ40 కూడా గమ్యం చేరలేదు. 1966లో 7 లీటర్ల ఇంజన్ పెట్టిన మార్క్ 2 కార్లు మొదటి మూడు స్థానాలనూ దక్కించుకోగా, 1967లో మార్క్ 4 గెలిచింది. అయితే రెప్లికాల చరిత్రకు అసలు ముఖ్యమైనవి ఆ తరువాతి రెండు విజయాలే. 1968లో నిబంధనలు మారి, ప్రోటోటైప్‌లు అనే ప్రయోగాత్మక కార్ల ఇంజన్ పరిమాణం 3 లీటర్లకు కుదించుకుపోయింది. కనీసం 50 తయారైన స్పోర్ట్స్ కార్లకు మాత్రం 5 లీటర్ల దాకా అనుమతి దొరికింది. యాభైకి మించి తయారై, అప్పటికే పాతబడిన మార్క్ 1 ఈ సందులోంచి దూరి, గల్ఫ్ చమురు కంపెనీ లేతనీలం, నారింజ రంగులతో 1968లోనూ 1969లోనూ గెలిచింది. ఆ రెండు విజయాలూ 1075 సంఖ్యగల ఒకే కారువి కావడం ఓర్పు పందేల చరిత్రలో అరుదు. ఈ మార్క్ 1 ఇంజన్ మూలం ఫోర్డ్ మామూలు కుటుంబ కార్లలో వాడే చిన్న వీ8. ఇనుప దిమ్మెతో చేసినది, అమెరికాలో ఏ పాత సామాన్ల దుకాణంలోనైనా దాని సోదర ఇంజన్లు దొరికేవి. సమకాలీన ఫెరారీ 330 పీ4 గుండె అయిన 12 సిలిండర్ల ఇంజన్‌కు అటువంటి సోదరులు లేరు. అందంలో ఫెరారీదే పైచేయి అనేవారు ఎందరున్నా, షెడ్లలో మళ్లీ మళ్లీ పుట్టింది మాత్రం జీటీ40యే. దానికి కారణం అభిరుచి కంటే విడిభాగాలు.

రోడ్డు మీది జీటీ40 అనే ఆలోచనను ఫోర్డ్ తానే ఒకసారి ప్రయత్నించి చూసింది. 1967లో వచ్చిన మార్క్ 3లో దీపాల ఎత్తు చట్టానికి సరిపోయేలా పెంచి, సామాను కోసం తోక పొడిగించి, కుడివైపు తలుపు గడప మీద ఉండే గేరు కర్రను సీట్ల మధ్యకు తెచ్చి, ఇంజన్ జోరును 306 అశ్వశక్తికి తగ్గించారు. తయారైనవి ఏడే. కొనేవారికి కావలసింది లె మాన్‌లో గెలిచిన రూపమే కాబట్టి ఈ సవరించిన ముఖం ఎవరికీ నచ్చలేదు. సౌకర్యం పెంచితే గిరాకీ పెరుగుతుందన్న లెక్క ఇటువంటి కారు విషయంలో తలకిందులవుతుంది.

బ్రిటన్‌లో కారును విడిభాగాలుగా కొని ఇంటి దగ్గర బిగించుకునే కిట్ కారు అలవాటుకు మూలం పన్నులో ఉంది. పూర్తయిన కారు మీద పడే కొనుగోలు పన్ను విడిభాగాల మీద పడేది కాదు కాబట్టి 1957 నాటి లోటస్ సెవెన్ వంటివి కిట్లుగా విరివిగా అమ్ముడుపోయాయి. బిగింపు సూచనలు జతచేస్తే పన్ను పడుతుందని, విప్పే పద్ధతిని ముద్రించి ఇచ్చి వెనక నుంచి చదువుకోమనేవారని ఒక ముచ్చట కూడా ఆ వర్గాల్లో ప్రచారంలో ఉంది. 1973లో విలువ ఆధారిత పన్ను వచ్చి ఆ వెసులుబాటు పోయినా, చేతిపని నేర్చినవారూ ఫైబర్‌గ్లాస్ అచ్చులూ మిగిలారు. ఈ నేల మీదే 1980ల ఆరంభంలో దక్షిణ వేల్స్‌లో కేవీఏ, దశాబ్దం మధ్యలో డోర్సెట్‌లోని పూల్ పట్టణంలో జీటీడీ అనే సంస్థలు జీటీ40 కిట్లు మొదలుపెట్టాయి. రేకుల మోనోకాక్ చేయడం ఖరీదైన పని కాబట్టి, ఉక్కు గొట్టాలను పందిరిలా అతికే స్పేస్‌ఫ్రేమ్ చట్రం తొలి కిట్లలో దాని స్థానంలోకి వచ్చింది.

అన్నిటికంటే తలనొప్పి గేర్‌బాక్స్‌తో వచ్చేది. ఇంజన్ సీట్లకూ వెనక ఇరుసుకూ మధ్య ఉండే కారుకు, గేర్లూ, చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియలూ ఒకే పెట్టెలో ఇమిడిన ట్రాన్స్‌యాక్సిల్ కావాలి, జెడ్‌ఎఫ్ పెట్టె ధరేమో సామాన్యుడికి అందనిది. రెనో 25, 30 వంటి ముందు చక్రాలతో నడిచే ఫ్రెంచి కార్లలో ఇంజన్ ఇరుసుకు ముందూ గేర్లు వెనకా ఉంటాయి. జీటీ40 వెనక భాగంలోనూ అదే వరస కాబట్టి వాటి పెట్టె తిప్పకుండానే సరిపోయింది. పోర్షె 911లో ఇంజన్ ఇరుసుకు వెనక వేలాడుతుంది కాబట్టి దాని పెట్టెను వెనుతిప్పి బిగించాలి, అప్పుడు లోపలి క్రౌన్ వీల్ అనే పెద్ద పళ్లచక్రాన్ని రెండో పక్కకు మార్చడం మరచిపోతే కారుకు ముందుకు ఒక్క గేరూ వెనక్కి ఐదు గేర్లూ వస్తాయి.

పొగ గొట్టాల పనీ అంతే ఓపిక కోరుతుంది. వీ8లో నాలుగేసి సిలిండర్లు రెండు వరసలుగా ఉంటాయి గాని ఒకే వరసలోవి సమాన వ్యవధిలో మండవు. పొగ ఒకదానిని ఒకటి తోసుకోకుండా పోవాలంటే ఒక్కొక్క వరస నుంచి రెండేసి గొట్టాలు ఇంజన్ మీదుగా దాటి అవతలి వరస గొట్టాలతో కలవాలి. ఎనిమిది గొట్టాలూ ఒకే పొడవుండి, చుట్టుకుని, వెనక రెండు మూతులుగా బయటపడే ఈ అమరికకు పాముల మూట అని పేరు. రోడ్డు మీద నెమ్మదిగా పోయే కారుకు దాని వల్ల ఒరిగేది స్వల్పమే అయినా, అది లేని రెప్లికాను ఈ రంగంలోనివారు జీటీ40గా లెక్కించరు, వారి పట్టింపు సబబే, ఎందుకంటే ఆ కారు ప్రత్యేకమైన గొంతు అక్కడి నుంచే వస్తుంది.

అసలు కారులో సీట్లు కదలవు, డ్రైవరు కాలి పొడవును బట్టి పెడళ్లనే జరుపుతారు. పెట్రోలు తలుపుల కింద గడపల్లో ఉంటుంది. రేడియేటర్ ముందూ ఇంజన్ వెనకా ఉండడంతో వేడినీటి గొట్టాలు కూర్చునేవారి దగ్గరగా సాగుతాయి. వీధి కారు కట్టేవారు వీటిలో ఎన్నిటిని వదులుకోవాలో, ఎన్నిటిని భరించాలో తేల్చుకోవాలి. చట్టమూ క్రమంగా బిగిసింది. బ్రిటన్‌లో 1998 నుంచి ఇంట్లో కట్టిన కార్లకూ ఒక్కొక్కదాన్నీ విడిగా పరీక్షించే పద్ధతి వచ్చి, 2009లో మరింత కఠినమైంది. మనిషికి తగిలే బయటి అంచులకు కనీసం 2.5 మిల్లీమీటర్ల వంపు ఉండాలన్నంత సూక్ష్మంగా అది చూస్తుంది. అమెరికాలో 2015 నాటి చట్టాన్ని అనుసరించి 2022లో అమలులోకి వచ్చిన నియమం, కనీసం 25 ఏళ్ల నాటి కారును పోలిన రెప్లికాలను ఏడాదికి 325 దాకా పూర్తి కార్లుగా అమ్ముకోవడానికి చిన్న తయారీదారులకు అనుమతిచ్చింది. భారతదేశంలో తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా నమోదైన బండిని మార్చడాన్నే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే ఖాయం చేసింది.

1075కు తోడుగా గల్ఫ్ జట్టులో పరుగెత్తిన 1074 సంఖ్య కారు 2012లో కాలిఫోర్నియా వేలంలో 1 కోటి 10 లక్షల డాలర్లకు పోయింది. ఆ ధర పలికే వస్తువును వానలో బయటికి తీయడానికి ఎవరికి చేతులు వస్తాయి? రోడ్డు మీద నేడు కనబడే జీటీ40లు దాదాపు అన్నీ రెప్లికాలే కావడం అందువల్లే సహజం, ఆ కారు ఎలా నడిచేదో ఈ తరానికి చెబుతున్నవీ అవే. వీటిలోనూ అంతరాలున్నాయి: పీటర్ థార్ప్ అనే ఆంగ్లేయుడి సఫీర్ సంస్థ 1980ల ఆరంభం నుంచి పాత వరస సంఖ్యలనే కొనసాగిస్తూ మార్క్ 5 కార్లను కట్టింది, దక్షిణాఫ్రికాలో తయారయ్యే సూపర్‌ఫార్మెన్స్ కార్లు ఉక్కు మోనోకాక్‌కే తిరిగి వెళ్లాయి. జీటీ40 అన్న ట్రేడ్‌మార్కు కూడా సఫీర్ పక్షానికే చెందింది. 2002లో ఫోర్డ్ అదే రూపంలో కొత్త కారును ప్రదర్శించి తరువాత ఉత్పత్తికి దిగినప్పుడు ఆ పేరు కోసం జరిగిన బేరం కుదరలేదు. ఎత్తు 44 అంగుళాలకు పెరిగిన ఆ 4,038 కార్లూ ఫోర్డ్ జీటీ అన్న పేరుతోనే అమ్ముడుపోయాయి.