మూలనపడ్డ మోటారు సైకిలు - మైసూరు జావా కథ



కొత్తొక వింత, పాతొక రోత అన్నారు మన పెద్దలు. ఆ రోత అనిపించుకున్న వస్తువుల్లో ఒకటి మీ ఇంట్లోనో, మీ బంధువుల ఇంట్లోనో ఉండే ఉంటుంది. పశువుల కొట్టం చివర, గోనె సంచులు కప్పుకొని, గాలి లేని టైర్ల మీద కూలబడిన పాత మోటారు సైకిలు. నాన్నగారు నడిపిందో, పెదనాన్నగారు నడిపిందో అయి ఉంటుంది. దాన్ని గుజిరీ అంగడికి తూకానికి వేసేద్దామని ఒకరంటారు. బాగుచేసి నడుపుదామని ఇంకొకరంటారు. కోసి, కత్తిరించి, కొత్త ఫ్యాషన్ బండిగా మార్చేద్దామని ఇంట్లోని కుర్రవాడు అంటాడు. ఈ ముగ్గురిలో ఎవరి మాట వినాలి? ఆ సంగతి తేల్చుకోవాలంటే ముందు ఆ బండి చరిత్ర కొంచెం తెలుసుకోవాలి. అందుకని ఇవాళ మన సరిహద్దు జిల్లాలవారికి బాగా పరిచయమైన ఒక బండిని ఉదాహరణగా తీసుకుందాం. అదే మైసూరులో తయారైన జావా. తర్వాతి రోజుల్లో దాని పేరే ఎజ్డీ అయింది.

జావా అనే మాట విని ఇది ఆ పేరుగల ద్వీపం నుంచి వచ్చిందనుకునేవారు ఉన్నారు. అది నిజం కాదు. ఐరోపాలోని చెక్ దేశంలో ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే ఇంజనీరు ఉండేవారు. ఆయన మొదట ఆయుధాల తయారీదారు. యుద్ధం ముగిశాక ఆయుధాలకు గిరాకీ తగ్గింది. అప్పుడాయన మోటారు సైకిళ్ల వైపు దృష్టి మళ్లించి, 1929లో వాండరర్ అనే జర్మనీ కంపెనీ నుంచి ఒక నమూనా హక్కులు కొన్నారు. తన పేరులోని మొదటి రెండక్షరాలు, వాండరర్‌లోని మొదటి రెండక్షరాలు కలిపితే వచ్చిన పేరే జావా. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ దేశం జర్మన్ల చేతిలో ఉండగా, ఆ కర్మాగారం ఇంజనీర్లు రహస్యంగా ఒక కొత్త బండికి రూపకల్పన చేశారు. యుద్ధం ముగిశాక 1946లో పేరక్ అనే పేరుతో అది లోకానికి తెలిసింది. మన మైసూరు జావా ఆ వంశానికి చెందినదే.

మరి అది మైసూరు ఎలా చేరింది? స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లో మోటారు సైకిళ్లు విదేశాల నుంచే వచ్చేవి. విదేశీ మారకద్రవ్యం కొరతగా ఉన్న రోజులవి. దిగుమతులు తగ్గించాలి, వస్తువులు ఇక్కడే తయారుకావాలి అన్నది అప్పటి ప్రభుత్వ విధానం. ఆ విధానం నీడలోనే మద్రాసు పక్కన తిరువొత్తియూరులో 1955 నుంచి బుల్లెట్ బండ్లు తయారుకావడం మొదలైంది. పోలెండు దేశపు నమూనాతో ఉత్తరాదిన రాజ్‌దూత్ వచ్చింది. బొంబాయికి చెందిన రుస్తుం ఇరానీ, ఫరూఖ్ ఇరానీ గార్లు చెక్ కంపెనీ సహకారంతో మైసూరులో ఐడియల్ జావా కర్మాగారం పెట్టారు. 1961లో ఆనాటి మైసూరు రాష్ట్ర గవర్నరు జయచామరాజేంద్ర ఒడెయరు గారు దాన్ని ప్రారంభించారు. యాదవగిరిలోని ఆ కర్మాగారం నుంచి వచ్చిన బండ్లు అటు కోలారు, బళ్లారి వైపూ, ఇటు అనంతపురం, చిత్తూరు వైపూ తిరిగాయి. భాష మారినా దారి ఒకటే కదా!

ఆ బండిలో ఉన్న విశేషాలు నాలుగు చెప్పుకుందాం. మొదటిది, సిలిండరు ఒకటే గానీ సైలెన్సర్లు రెండు, చెరో పక్కన ఒకటి. రెండవది, గేరు వేసే కడ్డీ, కిక్కు కొట్టే కడ్డీ రెండూ ఒకటే. ఎడమవైపున్న గేరు కడ్డీని లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్కు కడ్డీ అవుతుంది. మూడవది, గేరు కడ్డీని కాలితో కదిలించగానే క్లచ్ దానంతటదే విడిపోయే ఏర్పాటు. నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇంజను నిర్మాణంలోని సరళత. ఇది టూ స్ట్రోక్ ఇంజను. వాల్వులు లేవు, వాటిని ఆడించే సరంజామా లేదు. పిస్టను, కనెక్టింగ్ రాడ్డు, క్రాంకు, ప్రధానంగా కదిలేవి ఈ మూడే. పెట్రోలులోనే ఆయిలు కలిపి పోస్తే అదే ఇంజనుకు కందెన. అందుకే పల్లెటూరి షెడ్డులో మేస్త్రీ నాలుగు పానాలతో దాన్ని విప్పి బిగించగలిగేవాడు.

1970ల మొదట్లో జావా పేరు పోయి ఎజ్డీ పేరు వచ్చింది. 1978లో రోడ్‌కింగ్ అనే నమూనా వచ్చి కుర్రకారును ఆకట్టుకుంది. అయితే కాలం ఒక్కలా ఉండదు. 1984 నుంచి 1986 దాకా రెండు మూడేళ్ల వ్యవధిలో జపాను కంపెనీల సహకారంతో వంద సి.సి. బండ్లు వరుసగా మన బజార్లోకి వచ్చాయి. అవి తేలిక, తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోతాయి. పొగ మీద నిబంధనలు కూడా 1991లో మొదలై, 1996లో మరింత బిగిశాయి. పెట్రోలుతో పాటు ఆయిలును మండించే పాత ఇంజనుకు అది పెద్ద దెబ్బ. ఇటు పోటీ, అటు నిబంధనలు, పైన ఆర్థిక ఇబ్బందులు. చివరకు 1996లో మైసూరు కర్మాగారం మూతపడింది. ఆ తర్వాత చాలా ఏళ్లకు, 2018లో జావా పేరుతోనూ, 2022లో ఎజ్డీ పేరుతోనూ వేరే కంపెనీ కొత్త బండ్లు తెచ్చింది. కానీ అవి ఫోర్ స్ట్రోక్ బండ్లు. పేరు పాతదే, ప్రాణం వేరు.

ఈ చరిత్రంతా ఎందుకు చెప్పానంటే, మన ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. మైసూరులో తయారైన బండ్లు ఎన్నో అన్నే. ఇక పెరగవు. ఒకటి గుజిరీకి పోతే ఒకటి తగ్గినట్టే. ఒక ఛాసీని కోస్తే ఆ కోత మానదు. కాబట్టి కుర్రవాడి సరదాను కాదనకుండానే అతనికి ఒక్క సూత్రం చెప్పండి. మళ్లీ వెనక్కి తీసుకోగలిగే మార్పు చేయవచ్చు, తీసుకోలేని మార్పు చేయరాదు. సీటు మార్చుకో, హ్యాండిలు మార్చుకో, బల్బు మార్చుకో. విప్పిన పాత సామాను మాత్రం నూనె రాసి, గుడ్డలో చుట్టి, అటక మీద దాచు. ఛాసీని కోయవద్దు, ట్యాంకుకు రంధ్రం పెట్టవద్దు, సైలెన్సరు లోపలి గొట్టం పీకి పారేయవద్దు. శబ్దం పెరిగితే బలం పెరిగిందనుకుంటారు. నిజానికి టూ స్ట్రోక్ ఇంజనుకు సైలెన్సరు కూడా ఇంజనులో భాగమే. అందులోంచి వెనక్కి వచ్చే ఒత్తిడి లెక్క తప్పితే తక్కువ వేగంలో లాగే శక్తి పడిపోతుంది.

ఇక పని ఎలా మొదలుపెట్టాలి? మొదటి రోజు పానా ముట్టుకోకండి. ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఏ తీగ ఎక్కడికి పోతోంది, ఏ వాషరు ఏ పక్కన ఉంది, అన్నీ బొమ్మ గీసి రాసుకోండి. ఫోటోలు తీసుకోండి. విప్పిన బోల్టులను ఒకే బకెట్‌లో పోయక, పోపుడబ్బాలో గింజల్లాగా వేరువేరు గిన్నెల్లో వేసి చీటీలు అంటించండి. తర్వాత ఛాసీ మీదా, ఇంజను మీదా కొట్టిన నంబర్లు వెతకండి. మట్టి తుడిచి, వాటిపై పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దండి. అంకెలు కాగితం మీదికి వస్తాయి. శాసన పరిశోధకులు రాతి మీది అక్షరాలకు నకలు తీసేదీ ఇలాంటి పద్ధతిలోనే. మీ బండికి శాసనం ఆ నంబరే. రంగు వేసేటప్పుడు దాన్ని గీకించవద్దు, లప్పంతో పూడ్పించవద్దు.

ఏళ్ల తరబడి నిలిచిపోయిన ఇంజనుపై కాలి బలం చూపించకండి. పిస్టను తుప్పుతో బిగుసుకుని ఉండవచ్చు. స్పార్కు ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో కొంచెం డీజిలో, పల్చటి ఆయిలో పోసి నాలుగైదు రోజులు ఓపిక పట్టండి. తర్వాత మెల్లగా కదిలించి చూడండి. క్రాంకు రెండు వైపులా ఉండే ఆయిల్ సీళ్లు ఎండిపోయి ఉంటాయి, వాటిని తప్పక మార్చండి. టూ స్ట్రోక్ ఇంజనుకు క్రాంకు గది గాలి చొరకుండా ఉండాలి. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిలును ఇంజను పీల్చుకుని తెల్లటి పొగ కక్కుతుంది. చాలామంది అది బోరు పోయిన లక్షణమనుకుని అనవసరంగా డబ్బు పోస్తారు. కాంటాక్టు పాయింట్ల మధ్య సందు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. పెట్రోలులో టూ స్ట్రోక్ ఆయిలు తగిన పాళ్లలో కలపండి.

మూడు జాగ్రత్తలు మరీ ముఖ్యం. ఒకటి, పెట్రోలు ట్యాంకుకు అతుకు వేయించాలంటే ఖాళీ చేశాం కదా అని వెల్డింగుకు ఇవ్వకండి. ద్రవం పోయినా ఆవిరి లోపలే ఉంటుంది, నిప్పు తగిలితే పేలుతుంది. దాన్ని శుభ్రంచేసే పద్ధతి తెలిసినవారికే ఇవ్వండి. రెండు, పాత బ్రేకు షూలలో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ ధూళిని నోటితో ఊదకండి, గాలి పంపుతో కొట్టకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి. మూడు, ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు. అది పాత రబ్బరు గొట్టాలను, ట్యాంకు కొళాయిలోని కార్కును పాడుచేస్తుంది. గాలిలోని తేమను పీల్చుకుని ట్యాంకును తుప్పు పట్టిస్తుంది. కాబట్టి ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు వేయించండి. బండిని నెలల తరబడి నిలపాల్సివస్తే ట్యాంకు ఖాళీ చేయండి.

ఇక చట్టం మాట. ఇది మన సరిహద్దు వాసులు ప్రత్యేకంగా వినవలసిన మాట. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో సరిపోకుండా పోయేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి గట్టిగా చెప్పింది. రంగు మారిస్తే పత్రంలోనూ మార్పించుకోవాలి. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగిశాక ప్రతి ఐదేళ్లకూ పునరుద్ధరించుకోవాలి. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే, పాత కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకుని కొత్త నంబరు తీసుకోవాలి. మేనమామ ఊరు కర్ణాటకలో, మన ఊరు ఆంధ్రలో. మామ ప్రేమగా ఇచ్చిన బండి మన ముంగిట్లో చేరుతుంది. పత్రాలు మాత్రం మామ ట్రంకు పెట్టెలోనే ఉండిపోతాయి. ఆయన ఉండగానే ఆ కాగితాలు, సంతకాలు చక్కబెట్టుకోండి. తర్వాత వారసత్వ పత్రాల కోసం తిరగడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండ్లకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ అనే సదుపాయం వచ్చింది. 1970ల మొదట్లో రిజిస్టరైన జావాలు ఆ వయసుకు చేరాయి. అయితే కోసి మార్చిన బండికి ఆ గౌరవం దక్కదు. అలా రిజిస్టరైన బండిని రోజువారీ పనులకు వాడరాదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు తీసుకువెళ్లవచ్చు.

చివరగా ఒక్క విన్నపం. బండి పోతే ఇనుము పోతుంది. ఆ బండి శబ్దం విని రోగం చెప్పగల మేస్త్రీ పోతే విద్యే పోతుంది. ఇరవై ఏళ్ల వయసులో జావా విప్పడం నేర్చుకున్నవారు ఈనాడు వృద్ధులు. వారి మాటల్లో తెలుగు ఉంది, కన్నడం ఉంది, ఉర్దూ ఉంది, ఇంగ్లీషూ ఉంది. ఏ పుస్తకంలోనూ లేని మాటలవి. మీ ఊళ్లో అలాంటి పెద్దాయన ఉంటే, బండి పని మొదలుపెట్టే ముందు ఆయనను ఇంటికి పిలవండి. అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ ఇవ్వండి. మీ కుర్రవాణ్ని పక్కన కూర్చోబెట్టి ఆయన చెప్పేది ఆ నోటుపుస్తకంలో రాయించండి. పని ఏడాది పట్టినా పట్టనివ్వండి. బండి కదిలే నాటికి మీ ఇంట్లో ఒక చరిత్ర పుస్తకం కూడా తయారై ఉంటుంది.