జున్ను: దాని పూర్వాపరములు

మన సీమలో ఆవుగాని ఎనుముగాని ఈనినదనిన, దూడ ఆడుదా మగదా యని అడిగిన పిదప వినవచ్చు మాట జున్ను. ఆదోని ప్రాంతమున కన్నడము పలుకువారు దీనిని గిణ్ణు అందురు; మహారాష్ట్రులు ఖర్వస్ అందురు. సంస్కృతమున ఈ తొలిపాలకు పీయూషమని పేరు. అమృతమునకును అదియే పేరగుట గమనింపదగును.

ఆంగ్లమున చీజ్ అనగా జున్ను అని పిల్లలు వ్రాయుదురు. బడిలో నేనును అట్లే చెప్పితిని. అది సరికాదు. ఇటలీ దేశమున గొఱ్ఱెపాలతో చేయు పెకొరీనో అను చీజు కలదు. పెకొర యనగా వారి భాషలో గొఱ్ఱె. రోమానో, సార్డో, తొస్కానో, సిసిలియానో అని సీమను బట్టి దానికి పేళ్లు. 1996లో ఐరోపా సమాఖ్య ఆ పేళ్లకు చట్టరక్షణ నొసగెను. పాలు త్రాగు గొఱ్ఱెపిల్ల పొట్టనుండి తీసిన పదార్థముతో పాలను గడ్డకట్టించి, నీరు తీసి, ఉప్పు పట్టించి నెలల తరబడి నిలువచేయుదురు. మనవారు గొఱ్ఱెలను ఉన్నికిని మాంసమునకును పెంచిరిగాని పాలకు గాదు. ఆ విద్య మనకు అబ్బలేదు.

పులుపుతో పాలు విఱుచుట మాత్రము మన పూర్వు లెఱుగుదురు. కాగిన పాలలో పెరుగు వేయగా ఏర్పడిన గడ్డ ఆమిక్ష, మిగిలిన నీరు వాజినము. యజ్ఞమున ఈ రెంటిలో దేనికొఱకు పెరుగు వేసిరని మీమాంసకులు పెద్ద చర్చయే చేసి, ఆమిక్షకే యని తేల్చిరి. కల్యాణి చాళుక్యుడైన మూడవ సోమేశ్వరుని మానసోల్లాసమున, 12వ శతాబ్దమున, విఱిగిన పాలతో చేయు భక్ష్యములు చెప్పబడినవి.

జున్నునకు పులుపు అక్కఱలేదు, తోడు అక్కఱలేదు, వేడి చాలును. తొలిపాలలో మాంసకృత్తులు మెండగుటచే ఆవిరిపై కోడిగ్రుడ్డువలె గట్టిపడును. మొదటి పూట పాలకు మామూలు పాలు కలిపి, బెల్లము, మిరియాలు, ఏలకులు వేసి ఉడికింతురు. నాలుగవనాటికి పాలు పలుచనై సరిగా గట్టిపడవు. మా చిన్ననాట జున్నుపాలు అమ్ముట యెఱుగము, ఇరుగుపొరుగునకు పంచుటయే. నేడు పట్టణములందు వెలకు దొరకుచున్నవి.

అయితే ఆ మాంసకృత్తులలో అధికభాగము దూడను రోగములనుండి కాచునవి. మనుష్యశిశువునకు తల్లికడుపులోనే కొంత రక్ష లభించును, దూడకు లభింపదు. పుట్టిన కొలది గంటలలో త్రాగిన జున్నుపాలే దానికి రక్ష. ఒక దినము గడచినచో ఎంత త్రాగినను ఆ రక్ష రక్తమున చేరదు. మాయ పడువఱకు దూడను పొదుగు ముట్టనీయని ఆచారము కొన్ని యిండ్ల నేటికిని కలదు. ఆ ఆచారమునకు శాస్త్రమున ఆధారము లేదు. దూడ ప్రాణమునకే అది ముప్పు. దూడ 30 కిలోలు తూగినచో, మొదటి దినముననే అందు పదియవవంతు, అనగా 3 కిలోల పాలు, దాని కడుపున పడవలెను. గిన్నె పట్టుట ఆ తరువాత.