90 మందిలో మిగిలింది ఆరుగురే.. రష్యా 104వ పారాచూట్ రెజిమెంట్ కథ ఇదీ!

రష్యా పారాట్రూపర్ల మాటొస్తే ప్స్కోవ్ పేరు రావాల్సిందే. 76వ గార్డ్స్ డివిజన్‌లోని 104వ రెజిమెంట్ ఉండేది ఆ నగరం పక్కనే, చెర్యోఖాలో.

అది రెండో చెచెన్ యుద్ధం. 2000 ఫిబ్రవరి 29న ఈ రెజిమెంట్ 6వ కంపెనీని ఆర్గున్ లోయ దగ్గర, 776 మీటర్ల ఎత్తున్న కొండపై చెచెన్ ఫైటర్లు చుట్టుముట్టారు. వాళ్ల సంఖ్య చాలా ఎక్కువ. పోరు మార్చి 1 దాకా సాగింది. సాయం సమయానికి అందలేదు. లెఫ్టినెంట్ కల్నల్ మార్క్ యెవ్‌త్యుఖిన్ సహా 84 మంది చనిపోయారు.

22 మందికి హీరో ఆఫ్ రష్యా బిరుదు ఇచ్చారు.. అందులో 21 మరణానంతరమే. 2002లో చెర్యోఖాలో పారాచూట్ ఆకారంలో స్మారకం కట్టారు. రెజిమెంట్ కమాండర్‌పై నిర్లక్ష్యం కేసు పెట్టినా, క్షమాభిక్షతో మూసేశారు. సాయం ఎందుకు రాలేదన్న కుటుంబాల ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోయింది.