స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమం – ఒక చారిత్రక పరిశీలన

ఏ సమష్టి సంపద చరిత్రలోనైనా రెండు ఘట్టాలుంటాయి: దానిని సాధించుకోవడం ఒకటి, సాధించుకున్నదానిని నిలుపుకోవడం మరొకటి. మొదటి ఘట్టానికి వీరులుంటారు, ప్రకటనలుంటాయి, తేదీలుంటాయి. రెండవ ఘట్టంలో పనిచేసినవారి పేర్లు చాలావరకు ఎవరికీ తెలియవు. కంప్యూటరు ప్రోగ్రాములను ప్రజలందరి సొత్తుగా వుంచాలని గత నలభై యేళ్ళుగా సాగుతున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమం ఇందుకు మంచి ఉదాహరణ. మొదటి ఘట్టం గురించి మన మిత్రులు అప్పుడప్పుడు మాట్లాడుతూనే వున్నారు. రెండవదాని గురించి మాట్లాడవలసిన అవసరం ఎక్కువగా వున్నదని నా అభిప్రాయం.

నేను తెలుగు సాహిత్యం బోధించేవాణ్ణి. కంప్యూటరు శాస్త్రం నా వృత్తి కాదు. అయినా ఈ రోజున తెలుగు పుస్తకం అచ్చయినా, విద్యార్థి వ్యాసం పంపినా, అక్షరం ఏదో ఒక ప్రోగ్రాము గుండానే ప్రయాణిస్తున్నది. ఆ ప్రోగ్రాము ఎవరి ఆధీనంలో వున్నది, దానిని ఎవరు బాగుచేస్తున్నారు అన్న ప్రశ్న భాషాసాహిత్యాలవారికి పరాయిది కాదు.

ముందుగా పూర్వచరిత్ర. ప్రోగ్రాము మొదటినుంచీ సరుకు కాదు. 1955లో అమెరికాలో ఐ.బి.యం. యంత్రాలు వాడే సంస్థలు 'షేర్' అనే సంఘంగా ఏర్పడి, తాము వ్రాసుకున్న ప్రోగ్రాములను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకున్నాయి. ఆనాడు బేరమంతా యంత్రానికే. ప్రోగ్రాము దాని వెంట వచ్చేది. 1969 జూన్‌లో ఐ.బి.యం. ప్రోగ్రాములకు విడిగా ధర పెడతానని ప్రకటించింది. 1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ ఔత్సాహికులకు బహిరంగ లేఖ వ్రాసి, తన ప్రోగ్రామును డబ్బివ్వకుండా నకలు చేసుకోవడం దొంగతనమని నిందించాడు. ఇరవై యేళ్ళ క్రితం మర్యాదగా చెల్లిన పని అప్పటికి నేరమైంది.

దీనితోపాటు మరొక మార్పు వచ్చింది. ప్రోగ్రామును మొదట మనిషి చదవగలిగే రూపంలో వ్రాస్తారు. దానిని మూలకోడు అంటారు. యంత్రం నడిపించే రూపం వేరు. అది మనిషికి అంతుబట్టదు. కంపెనీలు ఈ రెండవ రూపాన్ని మాత్రమే అమ్మి, మూలకోడును దాచుకోసాగాయి. కొన్నవాడికి వాడుకునే అనుమతి మిగిలింది గాని, తెలుసుకునే హక్కు, దిద్దుకునే హక్కు పోయాయి.

ఈ పరిస్థితికి ఎదురు నిలిచినవాడు రిచర్డ్ స్టాల్‌మన్. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధనాలయంలో ప్రోగ్రాములను పంచుకునే వాతావరణంలో పనిచేసినవాడు. 1983 సెప్టెంబరు 27న 'గ్నూ' అనే పేరుతో ఒక సంపూర్ణ స్వేచ్ఛా వ్యవస్థను నిర్మిస్తానని ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడింది. 1989లో జనరల్ పబ్లిక్ లైసెన్సు వెలువడింది. ఈ లైసెన్సు ప్రకారం ఎవరైనా ప్రోగ్రామును నడపవచ్చు, చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు; అయితే మార్చి పంచినవాడు అవే హక్కులను తన తరువాతివాడికి ఇవ్వాలి. ముల్లును ముల్లుతో తీసినట్లు, సొంత ఆస్తిని కాపాడడానికి పుట్టిన కాపీరైటు చట్టాన్నే ఉమ్మడి ఆస్తిని కాపాడడానికి వినియోగించడం ఈ లైసెన్సు విశిష్టత.

1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెలును వ్రాసి లోకం ముందు పెట్టాడు. మరుసటి యేడు దానిని ఈ లైసెన్సు కిందికే తెచ్చాడు. ఒకరి మొగం ఒకరు చూడని వేలమంది దానిని పెంచారు. 2017 నవంబరు నాటికి ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 కంప్యూటర్లూ లినక్స్ మీదనే నడుస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోనుల లోపల వున్నదీ లినక్స్ కెర్నెలే. లాభాపేక్ష లేనిదే మనిషి గొప్ప పని చేయడన్న వాదానికి ఇంతకంటె గట్టి జవాబు మన కాలంలో అరుదు.

పెట్టుబడి దీనిని మొదట తిట్టింది. మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ 2001లో లినక్స్‌ను కేన్సరుతో పోల్చాడు. తరువాత అదే పెట్టుబడి దీనిని కొన్నది. 2018లో మైక్రోసాఫ్ట్, స్వేచ్ఛా ప్రోగ్రాములు అధికంగా నిలవచేసుకునే గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు తీసుకున్నది. 2019లో ఐ.బి.యం., లినక్స్ ఆధారంగా పెరిగిన రెడ్ హాట్ కంపెనీని సుమారు 3,400 కోట్ల డాలర్లకు కొన్నది.

ఇక్కడ మనవారిలో రెండు వాదాలు వినిపిస్తాయి. సమష్టి శ్రమ గెలిచిందని కొందరు సంబరపడతారు. పెట్టుబడి అంతా మింగేసిందని మరికొందరు పెదవి విరుస్తారు. రెండింటిలోనూ సగం నిజమే వున్నది. కోడు ఇంకా ఉమ్మడి సొత్తుగానే వున్నది; ఎన్ని కోట్లు పోసినా లినక్స్‌ను ఎవరూ తాళం వేసి పెట్టుకోలేకపోయారు. అది లైసెన్సు సాధించిన విజయం. కాని ఆ లైసెన్సు శ్రమఫలాన్ని కాపాడింది గాని, శ్రమించేవాణ్ణి కాపాడలేదు. అతని జీవిక గురించి అందులో ఒక్క ముక్క కూడా లేదు. ఉద్యమపు రెండవ ఘట్టంలోని సమస్య అంతా ఈ లోటులోనే వున్నది.

మూడు ఘటనలు చూద్దాం. 2014 ఏప్రిల్‌లో 'హార్ట్‌బ్లీడ్' అనే లోపం బయటపడింది. అది ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అనే స్వేచ్ఛా ప్రోగ్రాములోది. బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వాలు ఇంటర్‌నెట్‌లో రహస్య సమాచారం పంపడానికి ఆధారపడ్డ ప్రోగ్రాము అది. సుమారు 5 లక్షల సర్వర్లు ప్రమాదంలో పడ్డాయి. అప్పుడు లోకం విచారిస్తే తేలినదేమిటి? ఇంత బరువు మోస్తున్న ఆ ప్రాజెక్టుకు ఏడాదికి వచ్చే విరాళాలు దాదాపు 2,000 డాలర్లు. పూర్తికాలం పనిచేసేవాడు ఒక్కడు. ఆ తరువాతనే పెద్ద కంపెనీలు మేలుకొని, తలా ఏడాదికి లక్ష డాలర్ల చొప్పున మూడేళ్ళు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి.

రెండవది జర్మనీలో జరిగింది. వెర్నర్ కోఖ్ 1997 నుంచి గ్నూ ప్రైవసీ గార్డ్ అనే ప్రోగ్రామును వ్రాస్తూ వచ్చాడు. ఉత్తరాలను ఇతరులు చదవకుండా రహస్యలిపిలో పంపే సాధనం అది. ప్రభుత్వ నిఘాను బయటపెట్టే విలేఖరులకు అది కవచం వంటిది. 2001 నుంచి ఆయన సంపాదన ఏడాదికి 25 వేల డాలర్లు మాత్రమేనని 2015 ఫిబ్రవరిలో ఒక పత్రిక వెల్లడించింది. వెంటనే విరాళాలు వెల్లువెత్తాయి. ప్రజల్లో కృతజ్ఞత లేకపోలేదని దీనివల్ల తెలుస్తున్నది. ఆ కృతజ్ఞతకు ఒక నిర్మాణం లేదని కూడా తెలుస్తున్నది. పత్రిక వ్రాయకపోతే ఏమయ్యేది?

మూడవది మరీ భయంకరమైనది. 'ఎక్స్‌జెడ్' అనేది సమాచారాన్ని కుదించి నిలవచేసే చిన్న ప్రోగ్రాము. దాదాపు అన్ని లినక్స్ వ్యవస్థలలోనూ వుంటుంది. దానిని జీతం లేకుండా ఒక్కడే చూసుకుంటూ వచ్చాడు. తన మానసిక ఆరోగ్యం బాగాలేదనీ, పని ఆలస్యమవుతున్నదనీ బహిరంగంగానే వ్రాసుకున్నాడు. 2022లో కొన్ని అపరిచిత నామాలనుంచి అతనిపై వత్తిడి పెరిగింది: పని చేయలేకపోతే వేరొకరికి అప్పగించమని. సాయానికి వచ్చిన ఒక మారుపేరు మనిషి రెండేళ్ళకు పైగా ఓపికగా పనిచేసి, నమ్మకం సంపాదించి, చివరికి అందులో దొంగదారి పెట్టాడు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన యంత్రంలోకి ప్రవేశించడానికి అరసెకను ఎక్కువ పడుతున్నదేమని ఆరాతీసి ఆ కుట్రను పట్టుకున్నాడు. మూలకోడు తెరిచి వున్నది కనుకనే పట్టుకోగలిగాడు. కాని ఒంటరివాడు అలసిపోయాడు కనుకనే శత్రువు లోపలికి రాగలిగాడు. ఈ రెండు మాటలనూ కలిపి చెప్పకపోతే చరిత్రను సగమే చెప్పినట్లు.

ఇటువంటి శ్రమను వెట్టి అనవచ్చునా అని ఒక విద్యార్థి నన్నడిగాడు. అనరాదు. వెట్టివాడికి కాదనే హక్కు లేదు, ఇతనికి వున్నది. అయితే ఒక పోలిక మాత్రం మన పల్లెల్లోనే దొరుకుతుంది. చెరువు ఊరుమ్మడిది. తూము తెరిచి మూసి, నీటిని మళ్ళమీదికి పారించే నీరటికి ఆయకట్టు రైతులు కోతల వేళ మేర కొలిచేవారు. ఆ వ్యవస్థలో కులదౌష్ట్యం, పెత్తందారీతనం లేకపోలేదు. దానిని పొగడడం నా ఉద్దేశం కాదు. కాని నీరు పారించుకున్న ప్రతి పొలమూ చెరువుకు బాకీపడి వుంటుందన్న గ్రహింపు అందులో వున్నది. నేటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు చెరువు కింద పెద్ద కమతాలు కంపెనీలవి. వాటిలో చాలావాటికి మేర కొలిచే అలవాటు లేదు. కట్ట తెగినప్పుడు మాత్రం పరుగెత్తుకొస్తాయి.

ఇక తెలుగు సంగతి. 2018 ఫిబ్రవరిలో ఒక విచిత్రం జరిగింది. 'జ్ఞా' అనే అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో వచ్చినప్పుడు ఆపిల్ ఫోనులలో సందేశాల ప్రోగ్రాములు కుప్పకూలాయి. జ్ఞానానికి మొదటి అక్షరమే యంత్రాన్ని పడగొట్టిందని లోకం నవ్వుకున్నది. ఆ లోపాన్ని దిద్దే అవకాశం తెలుగువారిలో ఎంత నిపుణుడికైనా లేదు. కోడు కంపెనీ తాళంలో వున్నది. కంపెనీ ఫిబ్రవరి 19న సవరణ విడుదల చేసేదాకా ఎదురుచూడవలసిందే.

దీనికి భిన్నమైన దారి కూడా వున్నది. ఫైర్‌ఫాక్సులో, ఆండ్రాయిడ్‌లో, లిబ్రె ఆఫీసులో మన ఒత్తులనూ గుణింతాలనూ సరైన చోట కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా ప్రోగ్రాముది. దానికి ప్రధాన నిర్మాత ఇరాన్‌లో పుట్టిన బెహ్‌దాద్ ఎస్ఫాబోద్. ఆ కోడును మన విద్యార్థి ఈ రాత్రే చదవవచ్చు, తప్పుంటే దిద్ది పంపవచ్చు. సిలికానాంధ్ర ద్వారా వెలువడిన స్వేచ్ఛా ఖతులలో పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు, గురజాడ, సురవరం పేర్లు కనిపిస్తాయి. 2005లో హైదరాబాదులో మొదలైన 'స్వేచ్ఛ' సంస్థ కళాశాల విద్యార్థులను కూడగట్టి కంప్యూటరు వ్యవస్థను తెలుగులోకి తెచ్చే పని చేసింది.

అయితే దిద్దుకునే హక్కు వుండడం వేరు, దిద్దే మనుషులుండడం వేరు. కొత్త ఫోను వస్తుంది, కొత్త అక్షరక్రమం వస్తుంది, పాత ఖతి చెడుతుంది. పదేళ్ళ తరువాత కూడా దానిని పట్టించుకునేవాడు కావాలి. ఆ మనిషిని మనం ఉత్పత్తి చేయాలి, నిలబెట్టుకోవాలి.

ఈ పని ప్రభుత్వాలది కూడా. జర్మనీ ప్రభుత్వం 2022లో, మౌలికమైన స్వేచ్ఛా ప్రోగ్రాముల నిర్వహణకు ప్రజాధనం కేటాయిస్తూ ఒక నిధి ఏర్పరచింది. భారత ప్రభుత్వం 2015లో, తన కార్యాలయాలలో ఓపెన్ సోర్స్ వాడకానికి ప్రాధాన్యమిస్తూ ఒక విధానం ప్రకటించింది. వాడమనడం మంచిదే. వాడినదానికి తిరిగి ఏమిస్తామన్నది అసలు ప్రశ్న.

మన కళాశాలల్లోనూ ఇదే అడగాలి. లైసెన్సు రుసుము మిగిల్చుకున్న కళాశాల అందులో పదోవంతు ఏటేటా ఆ ప్రాజెక్టులకు పంపితే తప్పేమిటి? సంఘాలు సభ్యత్వ చందాలో కొంత కేటాయించవచ్చు. డబ్బు లేని విద్యార్థి దగ్గర కూడా ఇవ్వడానికి చాలా వున్నది: తప్పు కనిపిస్తే వివరంగా వ్రాసి పంపడం, తెలుగు మాటలు సమకూర్చడం, వాడే విధానాన్ని తేట తెలుగులో వ్రాయడం, అన్నిటికంటె ముందు అలసిన నిర్వాహకుడిపై దబాయింపు మానడం. తెలుగు శాఖలు కోడు వ్రాయనక్కరలేదు. ఏ ఒత్తు ఎక్కడ తప్పుతున్నదో చెప్పగలవారు మాత్రం ఆ శాఖల్లోనే వున్నారు.

ఇంగ్లీషులో స్వేచ్ఛకూ ఊరకే దొరికేదానికీ 'ఫ్రీ' అన్నది ఒక్కటే మాట. ఆ గందరగోళంతో ఉద్యమం నలభై యేళ్ళుగా కుస్తీపడుతున్నది. మనకు స్వేచ్ఛ, ఉచితం అని రెండు మాటలున్నాయి. అందులోనూ ఉచితమంటే మొదటి అర్థం తగినది, న్యాయమైనది అని. ఊరకే దొరికేది అన్న అర్థం తరువాత వచ్చింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును మనం రెండవ అర్థంలో చాలాకాలంగా వాడుకుంటున్నాం. మొదటి అర్థంలో కూడా వాడుకోవడం మొదలుపెట్టాలి.