‘ఖూ కమ్’: పదే పదే పుట్టే ఒక ప్రేమకథ

చూసిన కథనే మళ్ళీ చూడడం మనకు కొత్త కాదు. 1934లో ‘లవకుశ’ చూసిన తెలుగు ప్రేక్షకుడు 1963లో వచ్చిన ‘లవకుశ’కూ బండ్లు కట్టుకుని వెళ్ళాడు. కథ తెలియక వెళ్ళలేదు, తెలుసు కనుకనే వెళ్ళాడు. థాయిలాండు ప్రజలకు అటువంటి కథ ఒకటుంది. దాని పేరు ‘ఖూ కమ్’. ‘ఖూ’ అంటే జంట, ‘కమ్’ అంటే మన కర్మమే. కర్మబంధంతో ముడిపడిన జంట అని అర్థం చెప్పుకోవచ్చు.

ఈ నవలను 1960లలో రచించిన రచయిత్రి కలంపేరు థమయంతి. అది మన నలదమయంతుల కథలోని దమయంతి పేరే, థాయి ఉచ్చారణలో అలా మారింది. ఆమె 2021లో కన్నుమూశారు. నవలలోని కథానాయిక అంగ్సుమాలిన్. కిరణాలే మాలగా గల సూర్యుణ్ణి మనం అంశుమాలి అంటాము కదా, ఆ పేరే ఇదీ.

కథ రెండవ ప్రపంచయుద్ధ కాలం నాటిది. బ్యాంకాకు నగరానికి నది ఆవలి ఒడ్డున ఉన్న తోన్‌బురిలో, బ్యాంకాక్ నోయ్ కాలువ పక్కన, అంగ్సుమాలిన్ తన తల్లితోనూ అమ్మమ్మతోనూ నివసిస్తూ ఉంటుంది. చిన్ననాటి స్నేహితుడు వనస్ చదువుకోసం ఇంగ్లండు వెళ్ళాడు. ఇంతలో జపాను సైన్యం దిగింది. దగ్గరలోని నౌకానిర్మాణశాలలో పనిచేసే జపాను నౌకాదళ అధికారి కొబోరి ఆమెను ప్రేమిస్తాడు. రాజకీయ కారణాల వల్ల ఆమె అతనిని వివాహమాడవలసి వస్తుంది. మనసు కరిగినా, దేశద్రోహమన్న భయంతో ఆ మాటను ఆమె పైకి చెప్పదు. చివరకు బ్యాంకాక్ నోయ్ రైల్వే స్టేషనుపై బాంబులు పడిన రాత్రి, శిథిలాల నడుమ కొన ఊపిరితో ఉన్న భర్త చెవిలో చెబుతుంది.

ఈ కథ 1970, 1972, 1978, 1990, 2004, 2013 సంవత్సరాలలో, అంటే ఆరుసార్లు టెలివిజను నాటకంగా వచ్చింది. సినిమాగా మరో నాలుగుసార్లు. వీటిలో 1990 నాటి నాటకానిది ప్రత్యేక స్థానం. అందులో కొబోరిగా నటించిన గాయకుడు థోంగ్‌చాయ్ మెకింటైర్, 1996 నాటి సినిమాలోనూ ఆ పాత్రే ధరించారు. 2013లో ఒకే ఏడాది సినిమా, టెలివిజను నాటకం రెండూ వచ్చాయి. ముగింపు అందరికీ తెలుసు. అయినా కొబోరి మరణించిన ప్రతిసారీ ప్రేక్షకులు కన్నీరు పెట్టారు.

తమ దేశాన్ని ఆక్రమించిన సైనికుని కోసం ఒక జాతి ఇంతగా ఎందుకు దుఃఖించింది? దీనికి సమాధానం చరిత్రలో ఉన్నదని నాకు తోస్తుంది.

1941 డిసెంబరు 8న జపాను సేనలు థాయిలాండు తీరాన దిగాయి. కొన్ని గంటలపాటు పోరాడిన పిమ్మట ప్రభుత్వం వారికి దారి ఇచ్చింది. అదే నెల 21న బ్యాంకాకులోని మరకత బుద్ధుని ఆలయంలో మైత్రీ ఒప్పందం జరిగింది. 1942 జనవరి 25న ప్రధాని ఫిబున్ ప్రభుత్వం బ్రిటను, అమెరికాల మీద యుద్ధం ప్రకటించింది. కాని వాషింగ్టనులోని థాయి రాయబారి సేనీ ప్రమోజ్ ఆ ప్రకటనను అమెరికాకు అందజేయనే లేదు. దేశం లోపల ప్రీది ఫనోమ్యోంగ్ నాయకత్వంలో ‘సేరీ థాయి’ అనే రహస్యోద్యమం సాగింది. యుద్ధం ముగియగానే, 1945 ఆగస్టు 16న, ఆ యుద్ధ ప్రకటన చెల్లదని ప్రీది ప్రకటించారు.

అంటే ఆ దేశం కాగితం మీద జపానుకు మిత్రదేశం, మనసులో శత్రువు. అంగ్సుమాలిన్ కాపురమూ అంతే. ఇష్టంలేని పెళ్ళి, దాచుకున్న మనసు, తిరిగి వచ్చి సేరీ థాయిలో చేరిన వనస్. ఒక జాతి తన ఇబ్బందికరమైన గతాన్ని ఒక స్త్రీ హృదయంలో పెట్టి చూసుకున్నది. యుద్ధానంతరమూ జపానుతో ఆ సందిగ్ధత తీరలేదు. 1972 చివరలో థాయి విద్యార్థులు జపాను వస్తువులను బహిష్కరించారు. 1974 జనవరిలో జపాను ప్రధాని తనాకా బ్యాంకాకు వచ్చినప్పుడు నిరసనలతో ఎదుర్కొన్నారు. ఆ ఏళ్ళలోనే కొబోరి బుల్లితెర మీద, వెండితెర మీద కన్నీళ్ళు పెట్టించాడు.

అయితే ఈ కథ చూపు కాలువ ఒడ్డునే ఆగిపోతుంది. కొబోరి ప్రాణం విడిచిన ఆ స్టేషనునుండి పడమరకు సాగే రైలుమార్గం బాన్ పోంగ్ చేరుతుంది. అక్కడికి సమీపంలోని నోంగ్ ప్లాడుక్ నుండి బర్మాలోని థన్‌బ్యుజయత్ వరకు 415 కిలోమీటర్ల మృత్యు రైలుమార్గాన్ని జపాను సైన్యం 1942-43లలో వేయించింది. ఆ పనిలో 12,000 మందికి పైగా మిత్రరాజ్యాల యుద్ధఖైదీలు మరణించారు. ఆసియా కూలీల మరణాలు అంతకు ఎన్నో రెట్లు; దాదాపు 90,000 అని ఒక అంచనా. మలయా తోటలనుండి తరలించిన ఆ కూలీలలో తమిళులు అధికం, తెలుగువారూ ఉన్నారు. విశాఖ, గోదావరి ప్రాంతాలనుండి పొట్టకూటికై సముద్రం దాటిన కుటుంబాలవారు కలరాతో, మలేరియాతో, ఆకలితో ఆ అడవులలో రాలిపోయారు. కాంచనబురిలోని యుద్ధ శ్మశానవాటికలో దాదాపు 7,000 మంది ఖైదీల సమాధులున్నాయి. కూలీలలో అత్యధికులకు పేరు చెక్కిన రాయి లేదు.

కొబోరి కల్పిత పాత్ర. ఎన్నడూ పుట్టని అతనికోసం మూడు తరాలు విలపించాయి. నిజంగా పుట్టి, నిజంగా చనిపోయిన మనవారి పేర్లు మనకే తెలియవు. ఇది థమయంతి దోషమని నేను అనను. ప్రేమకథ చేయగల పని ఆమె కథ చేసింది. శత్రువులోనూ మనిషిని చూడమన్నది. కూలీల కథ చెప్పవలసినవారు వేరే ఉన్నారు, వారిలో మనమూ ఉన్నాము.

యుద్ధానంతరం తిరిగి కట్టిన ఆ పాత స్టేషను భవనం ఇప్పుడు సిరిరాజ్ ఆసుపత్రివారి ప్రదర్శనశాల. కొంచెం పడమరకు జరిగిన తోన్‌బురి స్టేషనునుండి నేటికీ కాంచనబురికి రైలు వెళుతుంది. ‘ఖూ కమ్’ మళ్ళీ ఎప్పుడో కొత్త నటులతో వస్తుంది. కొబోరి మళ్ళీ మరణిస్తాడు. అప్పుడు ఆ కథ చూసే తెలుగువారు ఎవరైనా ఉంటే, ఆ పట్టాల వెంట ఇంకొంచెం దూరం మనసును పోనివ్వమని నా మనవి.