స్టోర్ రూములో స్క్వాడ్రన్ లీడర్

వాయుసేనలో పనిచేసి పార్లమెంటుకు వెళ్లినవారి గురించి రజతోత్సవ సంచికకు రాయమని కమిటీ కోరింది. నాకు తట్టింది రాజేష్ పైలట్ గారు. ఆయన కింద నేనెప్పుడూ పనిచేయలేదు. కానీ మన మాజీ వాయుసైనికుల సంఘం జరిపిన మొదటి సంతాప సభ ఆయనదే.

2000 జూన్ 11న దౌసా దగ్గర తన జీపు తానే నడుపుకుంటూ వెళ్తుండగా బస్సు ఢీకొని పోయారు. 55 ఏళ్లు. అప్పటికి మనకు గది లేదు. వ్యవస్థాపక కార్యదర్శి వారంట్ ఆఫీసరు గారి వసారాలో పదకొండుమందిమి కూర్చున్నాం. జల్లు కొడుతుంటే కుర్చీలు గోడవైపు జరుపుకుంటూ ఆయన చెప్పింది విన్నాం.

ఉత్తరప్రదేశ్‌లోని వైద్‌పురాలో గుజ్జర్ల ఇంట పుట్టిన రాజేశ్వర్ ప్రసాద్ (పైలట్ గారి అసలు పేరు అదే), చదువుకునే రోజుల్లో ఢిల్లీలో పెద్దల బంగళాలకు పాలు పోసేవాడట. 1966లో వాయుసేన ఆఫీసరు, ఆపైన 1971 యుద్ధం. పింఛను దాకా ఆగకుండా రాజీనామా చేసి, 1980లో భరత్‌పూర్ నుంచి లోక్‌సభకు గెలిచారు. పాలు పోసిన కుర్రాడికి అలాంటి బంగళాయే ఇల్లయింది. "పింఛను వదులుకున్నాడురా!" అని వారంట్ ఆఫీసరు గారు రెండుసార్లు అన్నారు. ఆ మాట విలువ మనకు తెలుసు.

తర్వాత దౌసా నుంచి ఎంపీ, ఆపైన ఉపరితల రవాణా, కమ్యూనికేషన్ల శాఖల్లో మంత్రి. 1995లో అంతర్గత భద్రత సహాయమంత్రిగా, ప్రధానికి సన్నిహితుడని పేరున్న స్వామీజీ చంద్రస్వామిని అరెస్టు చేయమన్నారు. రోజుల్లోనే పర్యావరణ శాఖకు మార్చేశారు. ప్రధాని మన పీవీ గారే. ఆయన ప్రధాని అయిననాడు మిఠాయి పంచినవాణ్ణి, ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. కమిటీవారు కొట్టేయకపోతే మీరు చదువుతారు. 1997లో పైలట్ గారు కాంగ్రెస్ అధ్యక్ష పదవికి సీతారాం కేసరిపై నిలబడి ఓడారు.

మన పాతికేళ్లంటారా, పింఛను దరఖాస్తులు, కంటి శిబిరాలు, ఏటా వాయుసేన దినమైన అక్టోబర్ 8న జెండా. మన హాలుకు స్థలమిచ్చిన విశ్రాంత తహసీల్దారు గారికి, సిమెంటు పంపిన కొట్టు యజమానికి, ఫ్యాన్లు కొన్న డాక్టరమ్మ గారికి, ఇటుకలు మోసిన కార్పొరళ్లకు, వంటపని చూసిన వారి ఇల్లాళ్లకు కృతజ్ఞతలు.

హాలు పూర్తయ్యాక వారంట్ ఆఫీసరు గారు పైలట్ గారి ఫొటోకు ఫ్రేము కట్టించి తెచ్చారు. "పార్టీ మనిషి, మనకెందుకు" అన్నారు కొందరు. ప్రారంభోత్సవానికి వచ్చిన ఎమ్మెల్యే గారి ఫొటో మాత్రం హాలు గోడకే ఉంది. పైలట్ గారు స్టోర్ రూములో, పాత లెడ్జర్ల వెనక ఉన్నారు. ఫ్రేము డబ్బులు వారంట్ ఆఫీసరు గారి జేబులోవే. ఆ ఏడాది పద్దులో వెతికాను, లేవు.